మా బాపు పంపలేదు

మా తమ్ముణ్ణి బొగ్గుబాయిలోకి పంపింది మా బాపు కాదు. ఈ మాట చెప్పాల్సిన చోట చెప్పకుండా నేను పద్దెనిమిదేళ్ళు ఊరుకున్నాను. మా బాపు కూడా ఊరుకున్నాడు. ఆయన ఊరుకున్నది నా కోసం. నేను ఊరుకున్నది కూడా నా కోసమే. ఆయన పోయి ఏడాది దాటింది.

పోయిన నెల మంచిర్యాల బస్టాండులో చెన్నూరు బస్సు కోసం నిలబడి ఉంటే ఒక ముసలాయన నన్ను పట్టి పట్టి చూశాడు. బెల్లంపల్లిలో మా బాపుతో పాటు కట్టెల డిపోలో పనిచేసినవాడు. బీడీ ముట్టించుకుని, "నువ్వు పెద్దోడివి గదా, పంతులువి" అన్నాడు. అవునన్నాను.

"మీ బాపు అసొంటి పనిమంతుడు మళ్ళ రాడు బిడ్డా. గానీ ఒక్క తప్పు జేసిండు. నిన్ను నీడకు కూసుండవెట్టి చిన్నోన్ని బొగ్గుల ఏసిండు. కన్న తండ్రి గట్ల రెండు తీర్ల జూడొద్దు."

బస్సు వచ్చింది. నేనేమీ అనకుండా ఎక్కి కూర్చున్నాను. ఏమీ అనకుండా ఎక్కి కూర్చోవడం నాకు ఎప్పటినుంచో అలవాటు. కానీ ఆ రోజు బస్సు గోదావరి వైపు తిరిగినా ఆ మాట నన్ను వదల్లేదు. ఆ ముసలాయన చెడ్డమాట ఏమీ అనలేదు. తనకు తెలిసింది అన్నాడు. అతనికి ఆ మాత్రమే తెలిసేలా చేసింది నేను.

మా బాపు పని బాయిలో కప్పుకు కర్రలు నిలబెట్టడం. బొగ్గు తవ్వి తీసినచోట పైనున్న రాయి కూలకుండా కింద కట్టె దిమ్మెలు బిగిస్తారు. బిగించేముందు ఒక కర్రతో కప్పును తట్టి చూస్తారు. గట్టి రాయి చప్పుడు ఒకలా ఉంటుంది, లోపల విడిపోయిన రాయి చప్పుడు ఇంకోలా. ఇరవై ఏళ్ళు అదే పని చేసి చేసి ఆయన పైకి వచ్చాక కూడా దేన్నీ తట్టకుండా ఉండలేకపోయేవాడు. ఇంటి గోడ, నీళ్ళ కాగు, అంగట్లో గుమ్మడికాయ, చుట్టాలు వేసుకుని కూర్చున్న మంచం కోడు, అన్నీ తట్టేవాడు. ఒకసారి మా మేనమామ తలపాగా తీసి పక్కన పెట్టుకుంటే ఆయన బట్టతల మీద కూడా వేలితో రెండుసార్లు తట్టాడు.

"ఏందే బావా?" అన్నాడు మామ ఉలిక్కిపడి.

"ఏం లేదు. ఇంకో ఇరవై ఏండ్లు ఆగుతది" అన్నాడు బాపు.

మా అవ్వ, అంటే మా అమ్మ, ఆ మాటకు మూడు రోజులు నవ్వింది. బిందె పట్టుకుని నల్లా దగ్గరికి పోయి అక్కడి ఆడవాళ్ళకు చెప్పి మళ్ళీ నవ్వింది. అవ్వ అలా నవ్వేదని ఇక్కడ రాయడం అవసరం. తర్వాత ఆమె అలా నవ్వలేదు.

ఎక్కడికైనా నడిచి వెళ్తే బాపు అందరికంటే వెనక నడిచేవాడు. బాయిలో కర్రలు పెట్టేవాడు అందరూ బయటపడ్డాక రావాలి, ఆ అలవాటు. ఏ గొడవ వచ్చినా "పైకొచ్చినంక జూద్దాం" అనేవాడు. అప్పటికే పైన ఉన్నా, ఇంటి వాకిట్లో కూర్చుని ఉన్నా అదే మాట. కూరలో ఉప్పు ఎక్కువైందని అక్క అంటే కూడా "పైకొచ్చినంక జూద్దాం."

మేం ముగ్గురం. అక్క మల్లవ్వ పెద్దది. తర్వాత నేను రాజేశం. నా తర్వాత మూడేళ్ళకు ఓదేలు.

అవ్వ పంపకం చాలా కచ్చితం. మక్కకంకులు కాలిస్తే మూడూ పక్కపక్కన పెట్టి పొడవు చూసేది. బెల్లం ముక్కలు మూడు చేసి, పెద్దది ఏదైనా ఉంటే దాని అంచు కొరికి సమానం చేసేది. బాపు దగ్గర ఆ లెక్క లేదు. అంగడి నాడు ఒక్కోసారి ఒక్కరికే ఏదో తెచ్చేవాడు. తక్కినవాళ్ళు అడిగితే "నీకు ఇయ్యాల అవుసరం లేదు" అనేవాడు. ఎవరికి ఎప్పుడు అవసరమో ఆయనకు ఎలా తెలిసేదో మాకు తెలిసేది కాదు.

మల్లక్కకు వాదన ఇష్టం. అందుకని బాపు బుధవారం పొద్దున్నే లేచి "ఇయ్యాల మంగళారం గదా" అనేవాడు, ఏమీ ఎరగనట్టు. అక్క ఎగిరిపడేది. గంటసేపు ఇద్దరూ కొట్లాడుకునేవాళ్ళు. చివరికి ఆయన ఓడిపోయి బయటికి వెళ్తూ "దీన్ని జేసుకునెటోడు పరేషాన్ అయితడు" అని సంతోషంగా అనేవాడు.

ఓదేలును కొట్టేవాడు. వాడు ఇతరుల ఇళ్ళ పెంకులు పగలగొట్టేవాడు, ఇంటికి వీధికుక్కలను తెచ్చేవాడు, బడి అని చెప్పి వాగుకు పోయేవాడు. బాపు కొడుతుంటే వాడు నవ్వేవాడు. ఆ నవ్వుకు ఈయనకు కూడా నవ్వొచ్చేది. ఇద్దరూ అలాగే కింద పడి కుస్తీ పట్టేవాళ్ళు. అవ్వ చీపురు పట్టుకుని వచ్చేదాకా లేచేవాళ్ళు కారు.

నన్ను ఆయన కొట్టలేదు, నాతో కొట్లాడలేదు. నేను అలిగి మేకల కొట్టం వెనక కూర్చుంటే వచ్చేవాడు. నాకు పది అడుగుల దూరంలో, నా వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. చెక్కపేళ్ళు చీల్చుకుంటూనో, కాలి మడమ గీరుకుంటూనో ఉండేవాడు. ఒక్క మాట మాట్లాడేవాడు కాడు. కొంతసేపటికి లేచి, గోడకు చెప్పినట్టు "నేను పోతున్న" అని వెళ్ళిపోయేవాడు. నేను కొద్దిసేపు ఆగి లోపలికి వెళ్ళేవాణ్ణి. ఆ ఇద్దరితో ఆయనకు ఆట ఉంది, మాట ఉంది, నాతో ఏమీ లేదని అనుకునేవాణ్ణి. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

అవ్వకు ఇది నచ్చేది కాదు. "వాన్ని కొడ్తవ్, దానితోని లొల్లి పెట్టుకుంటవ్, వీన్ని ముట్టుకోవు. ముగ్గురు నా కడుపులకెల్లే వచ్చిండ్లు గదా మల్లీ బాపూ, నీకు ఒక్కతీరు ఎందుకు కనవడరు?"

"ఒక్క కడుపులకెల్లి వచ్చిండ్లు. ఒక్కతీరు వచ్చిండ్లా?" అన్నాడు. "బాయిల కర్రలు సుత గంతేనే. ఒకటి విరిగేముందు కిర్రుమని అరుస్తది. మనం ఉరుకుతం. ఇంకోటి అరవనే అరవదు. అరవని కర్ర కాడ్నే నేను ఎక్కువసేపు నిలవడ్త."

"నా పిల్లలు నీకు కట్టెలైండ్లా?" అని అవ్వ చెంబెడు నీళ్ళు ఆయన కాళ్ళ మీద కుమ్మరించి లోపలికి పోయింది.

పోలీస్ యాక్షన్ అయిన రెండో ఏడు బాపు కాలిమీద రాయి పడింది. రెండు వేళ్ళు తీసేశారు. కింద పని చేయలేడని పైన కట్టెల డిపోలో పెట్టారు. అడవి నుంచి వచ్చిన కర్రల్లో ఏది కిందికి పంపాలో ఏది వద్దో చూసి వేరుచేసే పని. ఆయన జాగాలో ఇంట్లోంచి ఒకరిని తీసుకుంటానని గ్యాంగు మీద అజమాయిషీ చేసే సర్దార్ అన్నాడు. వయసు నిండనివాళ్ళను కిందికి దింపకూడదని రూలు. ఓదేలుకు పదహారు. నాకు పంతొమ్మిది. నేను ఉర్దూలో ఏడో తరగతి దాకా చదివి, పై చదువుకు పోతానో పోనో తేలక ఇంట్లో ఉన్నాను. కాబట్టి నేనే.

బాయి నుంచి వచ్చిన మనిషికి వీపు తోమడం మా ఇంట్లో పిల్లల పని. వంతులుండేవి. డిపోకు మారాక మసి లేకపోయినా ఆ వంతులు అలాగే సాగాయి. నా వంతు నాడు, నేను పీచుతో రుద్దుతుంటే, బాపు తల వంచుకుని అడిగాడు.

"సర్దార్ అడుగుతుండు. నీకు పోబుద్ధైతుందా?"

"పోత బాపు."

"భయమైతె చెప్పు. భయమైతదంటె నేనేమనుకోను. పైన్నే ఏదన్న చూద్దాం."

"భయమేంది?" అన్నాను.

మర్నాడు మళ్ళీ అడిగాడు. నాకు కోపం వచ్చింది. "నేను పిలగాన్నా, రోజూ అడుగుతవ్?" అన్నాను. ఆయన నా పేరు రాయించాడు. మున్షీ రిజిస్టరులో ఉర్దూలో రాస్తుంటే నేను బల్లకు ఇవతలి నుంచి తలకిందులుగా చదివి, గర్వపడ్డాను.

మొదటిరోజు పొద్దుటి షిఫ్టు. లాంపు ఇచ్చారు, ఇత్తడి బిళ్ళ ఇచ్చారు. షిఫ్టు అయ్యాక బిళ్ళ తిరిగి ఇవ్వకపోతే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు లెక్క. బాపు డిపోలో కర్రల బండ్ల దగ్గర ఉన్నాడు. చెయ్యి ఎత్తి చూపాడు. నేను గ్యాంగు వెనక నడిచాను. మాది ఏటవాలుగా నడిచి దిగే బాయి. వంద అడుగులు వేసి ఉంటాను. వెనక్కి చూస్తే బాయి నోరు కంచమంత వెలుగు అయింది. ఇంకొంచెం పోయాక గిన్నెమూత అంత. తర్వాత తొవ్వ మలుపు తిరిగింది, అదీ లేదు. నీళ్ళు చుక్క చుక్కగా పడుతున్నాయి. నా తలమీద ఎక్కడో ఒక కర్ర కిర్రుమంది. ఆ చప్పుడు గురించి పుట్టినప్పటినుంచి ఇంట్లో వింటున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ తలెత్తి కూడా చూడలేదు. నా కాళ్ళు మాత్రం కదలలేదు.

ముందున్నవాడితో "సద్ది మరిచిన, తెచ్చుకుంట" అన్నాను. వెనక్కి తిరిగి దాదాపు పరుగెత్తాను. బయటికి వచ్చి డిపోలో కర్రల గుట్టల వెనక ఎవరికీ కనబడకుండా కూర్చున్నాను.

సద్ది మరిచానని నేను చెప్పింది అబద్ధం అనుకున్నాను. నిజంగానే మరిచానని ఓదేలు మూట పట్టుకుని వచ్చినప్పుడు తెలిసింది.

"ఏందన్నా, గప్పుడే షిఫ్టు అయిపోయిందా?"

నేను కర్ర బెరడు గిల్లుతూ కూర్చున్నాను.

"ఎవలన్న కొట్టిండ్లా? పేరు జెప్పు. వాని పండ్లు రాలగొడ్త."

"ఎవ్వలు కొట్టలేరా. నాతోని గాదు."

"ఏంది గాదు?"

"కిందికి పోవుడు. నాతోని గాదు."

వాడు నా ముఖం చూశాడు. నవ్వలేదు. వాడు నవ్వకుండా ఉన్న సందర్భాలు నాకు కొన్నే గుర్తున్నాయి. "గంతేనా?" అన్నాడు.

నేను లాంపు, బిళ్ళ వాడి చేతిలో పెట్టాను. "గీ ఒక్కరోజు నువ్వు పోరా. పేరడిగితె రాజేశం అను. రేపటిసంది నేనే పోత" అన్నాను.

"బాపుకు ఎర్కనా?"

"నేను చెప్త."

వాడు మూట విప్పి జొన్నరొట్టె రెండుగా తుంచి సగం నాకిచ్చాడు. సగం నోట్లో కుక్కుకుని, నా తువ్వాలు తలకు చుట్టుకుని, లాంపు ఊపుకుంటూ వెళ్ళాడు. నా కంటే పొడగరి. చూసినవాళ్ళకు అనుమానం రాదు.

బాపు వాణ్ణి వెనకనుంచి చూశాడు. నడక పట్టి గుర్తుపట్టాడు. చేతికర్ర అక్కడే పడేసి, ఆ కాలితో పరుగెత్తాడు. ఆయన బాయి నోటి దగ్గరికి చేరేసరికి ఓదేలు లోపలికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆయనకు లాంపు లేదు, బిళ్ళ లేదు, కిందికి పోయే హక్కు లేదు. సర్దార్‌ను పిలిచి అరిస్తే ఓదేలును బయటికి తెచ్చేవాళ్ళు. అప్పుడు ఒకడు దొంగపేరుతో దిగినవాడు, ఒకడు భయపడి పారిపోయినవాడు అని గ్యాంగు మొత్తానికి తెలుస్తుంది. ఆయన అరవలేదు. మెల్లగా వెనక్కి తిరిగితే కర్రల గుట్ట సందులోంచి నేను కనబడ్డాను. నా చేతిలో సగం రొట్టె ఉంది.

తిడతాడనుకున్నాను. ఆయన బాయి నోటి ముందున్న దిమ్మె మీద కూర్చున్నాడు. డిపో గుమాస్తా రెండుసార్లు కేకేశాడు. లేవలేదు. షిఫ్టు అయ్యేదాకా, అంటే పొద్దంతా, ఆయన అక్కడే కూర్చున్నాడు. నేనూ ఇక్కడే కూర్చున్నాను. ఆయన వీపు నాకు కనబడుతూనే ఉంది.

సాయంత్రం షిఫ్టు కూత అయ్యాక మనుషులు పైకి వచ్చారు. మసిలో ఎవరెవరో తెలియదు. ఒకడు మాత్రం పళ్ళు బయటపెట్టుకుని వస్తున్నాడు.

"బాపూ! లోపల మస్తు చల్లగున్నదే! ఎంత దూరం పోయినమో ఎర్కనా?"

బాపు వాడి చెంపమీద ఒక్కటి వేశాడు. తర్వాత ఆ చేతినే వాడి మెడ మీద వేసి, దారి పొడుగునా తీయలేదు. నేను వాళ్ళ వెనక నడిచాను. ఎప్పుడూ వెనక నడిచే మనిషి ఆ రోజు ముందు నడిచాడు. కంపెనీ ఇళ్ళ లైను మొదట్లో ఆగి, ఓదేలుతో "అన్న ముచ్చట ఇంట్ల తీస్తివా, తంత. మీ అక్కకు సుత చెప్పొద్దు" అన్నాడు. వాడు తల ఊపాడు. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాడు.

అవ్వ నల్లా దగ్గర ఉంది. లైనులోని ఆడవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. మసి కొట్టుకున్న ఓదేలును చూసి, నన్ను చూసి, నా తెల్లటి అంగీని చూసి, "గిదేంది? గీ పోరడెందుకు నల్లగున్నడు?" అంది.

"నేనే పంపిన" అన్నాడు బాపు. "పెద్దోడు చదువుకున్నోడు, పైకి చదువుతడు. చిన్నోనికి చదువు రాదు. పెద్దోని పేరు మీద పంపిన."

అంత తొందరగా ఎలా కట్టాడో ఆ మాట. పొద్దంతా దిమ్మె మీద కూర్చుని అదే ఆలోచించి ఉంటాడు.

అవ్వ లైను మధ్యలో నిలబడి తిట్టింది. "పదారేండ్ల పోరడే! నీ కాలు తిన్నది సాలలేదా గా బాయికి? ఒకడు కొడుకు, ఒకడు కూలోడా నీకు? తండ్రివేనా నువ్వు? నా నోటితోని మళ్ళ నిన్ను పిలిస్తె చూడు!" జనం తలుపుల్లోంచి చూస్తున్నారు. బాపు తలవంచుకుని నిలబడ్డాడు. నేను మూడు అడుగుల దూరంలో ఉన్నాను. మూడు మాటలు చాలు. చెప్పలేదు.

రేపటినుంచి నేనే పోతానన్నాను కదా, మర్నాడు జ్వరం అని పడుకున్నాను. జ్వరం లేదు. ఓదేలు నా లాంపు తీసుకుని వెళ్ళాడు. బాపు నెల రోజులు వాణ్ణి మానమని చెప్పాడు. వాడు వినలేదు. వాడికి బాయి నచ్చింది. అక్కడి మనుషులు, హుషారు, ఒకరి మీద ఒకరు వేసుకునే జోకులు, అన్నీ నచ్చాయి. సర్దార్‌కు వారంలోనే తెలిసింది, పనివాడు మంచివాడని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఈ రోజుకూ బాయిలో వాడు రాజేశమే. వాడి పెళ్ళైన కొత్తలో ఎవరో తలుపు కొట్టి "రాజేశం ఉన్నడా?" అంటే మా మరదలు "ఆయన చెన్నూరుల పంతులు" అని పంపించేసిందట.

రెండు నెలలయ్యాక నా వంతు నాడు వీపు తోముతూ అన్నాను. "బాపూ, అవ్వకు నేను చెప్త."

"చెప్పు" అన్నాడు.

నేను మళ్ళీ తోమడం మొదలుపెట్టాను. ఆయనే మళ్ళీ అన్నాడు. "జబర్దస్తీ లేదు. ఓదేలును లైనంత తిట్టినా వాడు తిని పండుకుంటడు. మీ అక్కను ఒకటంటె అది రెండంటది. నిన్ను పిరికోడని నలుగురంటె నువ్వు ఇంట్ల ఉండవు, యాడికో పోతవ్. మళ్ళ దొరకవు. నాకెర్క నీ సంగతి."

"మరి నిన్ను అంటుండ్లు గద?"

"నాకేమైతది? మీ అవ్వ కోపం నాకు కొత్తనా? నీకు చెప్పబుద్ధైన నాడు చెప్పు. నేనైతె చెప్ప. ఫికర్ జెయ్యకు. నీళ్ళు పొయ్యి."

ఆ మాటల్లో నేను ఒక్కటే పట్టుకున్నాను, నేనైతే చెప్పననేది. తక్కినదంతా వదిలేశాను. ఆ పై ఏడు టీచర్ ట్రైనింగుకు వెళ్ళాను. బాపు చెప్పినట్టే నేను "పైకి చదివిన పెద్దోణ్ణి" అయ్యాను.

అవ్వ అన్న మాట నిలబెట్టుకుంది. ఆయనతో నేరుగా మాట్లాడలేదు. ఆయన ఎదురుగా కూర్చుని ఉండగానే, "మల్లీ, మీ బాపుకు నీళ్ళు తోడిన్నని చెప్పు" అనేది. ఆయన కూడా "మల్లీ, నీళ్ళు మంచిగ కాగినయని మీ అవ్వకు చెప్పు" అనేవాడు. అక్క మొదట్లో "మీకు నోర్లు లేవా?" అని ఇద్దరితోనూ కొట్లాడింది. తర్వాత విసుగొచ్చి మధ్యలో ఉన్న తపాలా మనిషి లాగా తయారైంది. అక్క పెళ్ళై వెళ్ళిపోయి, నేను చెన్నూరులో ఉద్యోగంలో చేరి, ఇంకా పెళ్ళి కాని ఓదేలు షిఫ్టులో ఉన్నప్పుడు ఇంట్లో మూడో మనిషి ఉండేవాడు కాదు. అప్పుడు అవ్వ దర్వాజాకు చెప్పేది. "అన్నం పెట్టిన." ఆయన దర్వాజాకే "వస్తున్న" అనేవాడు. సెలవులకు వెళ్ళినప్పుడు నేను ఇది నా చెవులతో విన్నాను. విని, తిని, మళ్ళీ బస్సెక్కాను.

ఒక ఏడు అందరం కొండగట్టు వెళ్ళాం. ఓదేలు బాయిలో క్షేమంగా ఉండాలని అవ్వ మొక్కు. ఆంజనేయుడి గుడి ముందు అవ్వ రెండు చేతులెత్తి, అందరికీ వినబడేలా, "అంజన్నా, తండ్రి ఇడిసిపెట్టిన పిలగాడు, నువ్వన్న జూడు" అంది. బాపు పక్కనే కొబ్బరికాయల బండి దగ్గర ఉన్నాడు. ఒక్కో కాయ తీసి వేలితో తట్టి చూస్తున్నాడు. ఆ మాటకు వేలు ఆగింది. ఆయన నా వైపు చూడలేదు. చూస్తే నేను చెప్పేవాణ్ణేమో. అది కూడా ఆయనకు తెలిసే చూడలేదనుకుంటాను. ఇంకో రెండు కాయలు తట్టి, ఒకటి ఎంచి, ఓదేలు చేతికిచ్చి "మీ అవ్వకియ్యి" అన్నాడు.

పోయిన ఏడు వానాకాలంలో ఆయనకు ఆయాసం ముదిరింది. చివరి రెండు రోజులు ముద్ద మింగలేకపోతే అవ్వే గంజి చెంచాతో పట్టింది. తల తన ఒళ్ళో పెట్టుకుని, నుదురు తుడుస్తూ, అప్పుడు కూడా అక్క వైపు చూసి "నోరు తెరువుమను" అంది. అక్క చెప్పకముందే ఆయన తెరిచాడు.

మూడోనాడు పిట్టకు పెట్టాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి కాకికి పెట్టడం మా వైపు ఆచారం. కాకి ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలిపోయిందని, అదేమిటో చెప్పి తీరుస్తామని ఇంటివాళ్ళు మాట ఇస్తారు. కాకి ముట్టదని, అప్పుడు అందరి ముందూ చెప్పేస్తానని నేను సిద్ధపడి నిలబడ్డాను. విస్తరి పెట్టి పది అడుగులు వెనక్కి వచ్చేలోపే కాకి వచ్చి తిన్నది. మా బాపు దేనికీ పట్టుపట్టే మనిషి కాడు. నేను మళ్ళీ ఊరుకున్నాను.

బస్టాండులో ఆ ముసలాయన మాట విన్న మర్నాడు ఆదివారం. పొద్దున బస్సుకు బెల్లంపల్లి వెళ్ళాను. అవ్వ వాకిట్లో చేటలో బియ్యం ఏరుతోంది. ఎదురుగా కూర్చున్నాను. వెళ్ళేదారిలో ఎలా మొదలుపెట్టాలో చాలా అనుకున్నాను. అక్కడికి వెళ్ళాక ఒక్కటే వచ్చింది. ఆ పొద్దున కర్రల గుట్టల వెనక జరిగింది జరిగినట్టు చెప్పాను. రొట్టె సంగతితో సహా.

అవ్వ చేతులు ఆగలేదు. నాలుగైదు రాళ్ళు ఏరి పారేసింది. తర్వాత అడిగింది.

"మీ బాపుకు ఎర్కనా?"

"ఎర్కే అవ్వా. గా దినమే ఎర్క."

"ఓదేలుకు?"

"వానికీ ఎర్కే."

"అయితె నాకొక్కదానికే ఎర్కలేదు."

నేను చేటలో ఒక రాయి ఏరాను.

"పదిహేడేండ్లు" అంది. "పదిహేడేండ్లు ఆయన ముంగట నిలవడి ఒక్కనాడు తిను అనలే. గంజి పోసేటప్పుడు సుత మల్లికే చెప్పిన. ఆయన చెయ్యని పనికి." చేట పక్కన పెట్టింది. ఏడవలేదు. "నువ్వు భయపడ్డవ్, గది తప్పు గాదు. పిలగానివి. గానీ నాతోని గింత తప్పు జేయించినవ్ గదరా కొడుకా."

నేను ఆమె కాళ్ళు పట్టుకోబోయాను. చేతులు తోసేసింది. లేచి నా రెక్క పట్టుకుని లేపింది. "గీడ గాదు. గా దినం నేను ఇంట్ల తిట్టలే. లైన్ల నిలవడి తిట్టిన. అందరిన్నరు. నల్లా కాడ నిలవడి చెప్పు."

ఓదేలు షిఫ్టు దిగి వచ్చి పడుకుని ఉన్నాడు. మాటలు విని లుంగీ సవరించుకుంటూ బయటికి వచ్చాడు. "ఇడిసిపెట్టరాదే అవ్వా, పాత ముచ్చట. నాకేం తక్కువైంది?"

"నీకేం గాలేదు. ఆయనకైంది. నువ్వూకో."

నల్లా దగ్గర ఆరేడుగురు ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళల్లో ఆనాటి మనిషి ఒక్కతే, ఎదురింటి ముసలవ్వ. తక్కినవాళ్ళు తర్వాత కాపురాలకు వచ్చినవాళ్ళు, వాళ్ళకూ ఈ కథ తెలుసు, తప్పుగా తెలుసు. అవ్వ నా పక్కనే నిలబడింది. నేను చెప్పాను. బడిలో నలభైమంది పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి, అక్కడ నా గొంతు నాకే వినబడలేదు.

"ఇనవడ్తలేదు బిడ్డా" అంది ఎదురింటి ముసలవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. "జర గట్టిగ చెప్పు."

గట్టిగా చెప్పాను.

"ఓదేలును బాయిలకు మా బాపు పంపలే. నేను పంపిన. నాకు భయమై, నా లాంపు వాని చేతిల పెట్టిన. నన్ను ఎవ్వలేమనొద్దని బాపు తన మీద ఏసుకున్నడు. అవ్వ ఆయనను తిట్టినవన్ని నాకు రావాల్సినయి. ఇన్నేండ్లు ఇనుకుంట ఊకున్న. బాపుకు చెప్పుకుందామంటె లేడు. నీకు చెప్తున్న అవ్వా. తప్పైంది. నన్ను మాఫ్ జెయ్యి."